మైసూరు అడవికి లైసెన్సు

మా మామగారు నాతో మొట్టమొదటిసారి నేరుగా మాట్లాడింది నా పెళ్లయిన మూడో ఏట. అదీ మైసూరు రాజ్యంలో వేటాడే నియమాల గురించి.

పుంగనూరు దగ్గరి ఆ పల్లెలో కోడలు మామ ఎదుట నిలబడకూడదు, ఆయన మాటకు బదులు చెప్పకూడదు. ఏం కావాలన్నా మధ్యలో అత్తగారుండాలి. ఆవిడ లేకపోతే గోడ ఉండాలి. "ఎద్దులకు కుడితి పెట్టల్ల" అని ఆయన వాకిలికి చెప్పేవారు. తలుపు వెనక నేను గాజులు కదిలించి, విన్నానని తెలియజేసేదాన్ని. నేను సరిహద్దు అవతల మైసూరు సీమలో పుట్టి, కన్నడం బడిలో చదువుకుని, నోటికి అదుపు లేకుండా పెరిగినదాన్ని. కొత్తలో ఇదంతా నాకు పెద్ద నవ్వులాటగా ఉండేది. మా ఆయన కుప్పంలో బడిపంతులు. నెలకోసారి వచ్చినప్పుడు వాళ్ల నాన్నను అనుకరించి చూపిస్తే కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేదాన్ని.

ఆ నవ్వులన్నీ కాన్పుతో పోయాయి. యుద్ధం జరుగుతున్న రోజులవి. మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో నాకు ఆడపిల్ల పుట్టింది. పదకొండు రోజులుండి పోయింది. పేరు కూడా పెట్టలేదు. ఇంటికొచ్చాక కూడా చాలా రోజులు పాలొచ్చి రవిక తడిసిపోయేది. నేను ఏడవలేదు. మాట్లాడలేదు. అన్నం చూస్తే చాలు, కంచం పక్కకు నెట్టేసేదాన్ని. ఒంట్లో రక్తం లేదని, మాంసం రసం, గుడ్లు పట్టించమని, ఇలాగే వదిలేస్తే మనిషి దక్కదని తెల్ల డాక్టరమ్మ అత్తగారికి చెప్పింది.

అత్తగారు పెరట్లో కోళ్లన్నీ ఒకటొకటే కోసింది. ఏం చేసి పెట్టినా నేను ముద్ద నోట్లో పెట్టుకోవడం, బయటికి పరుగెత్తడం. "ఏం తినాలనుండాదో సెప్పమ్మా, యాడున్నా తెప్పిస్తా" అని ఆవిడ పొద్దూమాపూ నా వెంటపడేది. విసుగొచ్చి ఒకరోజు, "అడవికోడి పులుసు" అన్నాను. కరువుకు మా పక్క గుట్టల్లో రాళ్లు తప్ప ఏమీ మిగల్లేదు. దొరకనిది అడిగితే ఇక అడగడం మానేస్తారని నా ఎత్తు. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అత్తగారు ఆ మాట తీసుకెళ్లి మామగారికి చెప్పింది.

ఆయనకో నాటు తుపాకి ఉండేది. శనగచేలో పడే అడవిపందులను తోలడానికి చిత్తూరు కలెక్టరు ఇచ్చిన లైసెన్సు. ఆ కాగితం మా ఎల్లరాయి వరకే చెల్లుతుంది. అడవికోళ్లుండే వెదురు గుట్టలు రాయికి అవతల, మైసూరు మహారాజుగారి గడ్డ మీద. ఊళ్లో మిగతావాళ్లయితే గప్‌చుప్‌గా వెళ్లి కొట్టుకొచ్చేవాళ్లే. మామగారు అలాంటి మనిషి కారు. పైగా యుద్ధం మూలాన తుపాకుల మీద గట్టి నిఘా ఉండేది. పట్టుబడితే తుపాకి పోతుంది, తుపాకి పోతే పందులు చేనంతా తవ్విపోస్తాయి.

అందుకని ఆయన పరాయి రాజ్యంలో వేట లైసెన్సుకు బయల్దేరారు. ఎద్దులబండి మీద అవతలి తాలూకా అమల్దారు కచేరీకి, అంటే మన తాసిల్దారు ఆఫీసులాంటిదానికి. మొదటిసారి, మన లైసెన్సుకు నకలు కావాలని తిప్పి పంపారు. రెండోసారి, ఆ రాజ్యం మనిషెవరైనా పూచీ ఉండాలన్నారు. ఆ రాజ్యంలో ఆయనకు తెలిసింది మా నాన్న ఒక్కడే. పెళ్లిలో పానకం దగ్గర మాటా మాటా వచ్చి, అప్పట్నుంచీ వియ్యంకులిద్దరికీ పడేది కాదు. ఆయన మా పుట్టింటికి వెళ్లి, "నీ బిడ్డకు అడవికోడి కావాలంట, ఒక సంతకం పెట్టప్పా" అన్నారట. ఆ మాట విని మా నాన్న సంతకం పెట్టి, కళ్లు తుడుచుకుని, అన్నం తినిపించి పంపాడట.

మూడోసారి లైసెన్సు చేతికొచ్చింది. దాంతోపాటు నియమాల కాగితం, అంతా కన్నడంలో. మామగారు తిన్నె మీద కూర్చుని, కాగితం గడప దాటించి లోపలికి పెట్టి, "కోడలికి కన్నడం వస్తాది. సదవమను" అని అత్తగారితో అన్నారు.

తలుపు వెనక కూర్చుని చదివాను. గొంతు గీరుకుపోయి, నాది కాదన్నట్టుంది. ఒక్కో నియమం తెలుగులో చెప్పాను. చీకటి పడ్డాక వేటాడరాదు. లాంతరు చూపించి మృగాన్ని భ్రమ పెట్టరాదు. నీళ్లు తాగే చోట మాటు వేయరాదు. కొట్టిన మాంసం అమ్మరాదు. అడిగిన ఉద్యోగికల్లా లైసెన్సు చూపాలి. అక్కడితో కాగితం అయిపోయింది. నేను ఆగలేదు. "గుడ్లు పొదిగే పెట్టను గానీ, పిల్లల్తో తిరిగే పెట్టను గానీ కాల్చరాదు" అన్నాను.

ఆ మాట కాగితంలో లేదు. నా కోసం ఇంకెక్కడో తల్లీ పిల్లా విడిపోవడం నేను తట్టుకోలేను. అంతే.

బయట మామగారు అత్తగారి వైపు కాదు, తలుపు వైపు తిరిగి, "అట్లుండాదా అమ్మా అండ్లో?" అని అడిగారు.

"ఉండాది మామా" అన్నాను.

మూడు రోజులు వరసగా ఆయన తెల్లవారుతూనే తుపాకి భుజాన వేసుకుని వెళ్లారు, ఎండ ముదిరాక వట్టి చేతుల్తో వచ్చారు. పుంజులు పొదల్లోంచి కూయడమే గానీ బయటికి రాలేదట. పెట్టలు కనిపించాయి, ఒక్కోదాని వెనక పిల్లలు. "కోడలు సచ్చేట్టుండాది, నీకు రూల్సు కావల్సొచ్చినాయా" అని అత్తగారు ఎగిరిపడింది. ఊళ్లో కూడా నవ్వుకున్నారు.

మూడోరోజు అత్తగారు చేనికి వెళ్లింది. తలుపు సందులోంచి చూశాను. మామగారు తిన్నె మీద కూర్చుని, పిన్నీసుతో అరికాల్లోంచి ముల్లు తీసుకుంటున్నారు. పాదాల నిండా గీతలు, ఎండిన నెత్తురు. ఆ వయసులో నా అబద్ధం మోసుకుని గుట్టలెక్కుతున్నారు. ఇంక ఉండబట్టలేదు.

"మామా, ఆ కడాకరి రూలు కాగితంలో లేదు. నేనే కల్పించి సెప్పినా."

"తెల్సమ్మా" అన్నారు తల ఎత్తకుండా. "లైసెన్సుకు నా సంతకం తీసుకునేదానికి ముందే ఆడ కచేరీ గుమాస్తా అంతా తెలుగులో సదివి సెప్పినాడు."

"తెలిసీ యాల కొట్టలేదు?"

"నువ్వు కాల్సొద్దంటివి గదా."

"అన్నీ ఆడనే ఇనింటిరి. మల్లా నాచేత యాల సదివించినారు?" అన్నాను.

ఆయన ముల్లు బయటికి లాగి, దూరంగా పారేశారు.

"బిడ్డ పోయినంక నీ గొంతు ఈ ఇంట్లో ఇనబల్లేదమ్మా" అన్నారు. "నాలుగు నెలలాయె."

తలుపు పట్టుకుని ఏడ్చాను. పాప పోయాక ఏడవడం అదే మొదలు. కోడలు ఏడుస్తుంటే మామ అక్కడ ఉండకూడదు, లేచి ఏ కల్లం వైపో వెళ్లిపోవాలి. ఆయన వెళ్లలేదు. ఎండ తిన్నె మీదికి వచ్చింది. అయినా నేను మానుకునేదాకా అక్కడే కూర్చున్నారు.

అత్తగారు చేన్నుంచి వచ్చేసరికి పొయ్యి మీద సంగటికి ఎసరు కాగుతోంది. నేనే పెట్టాను, ముగ్గురికీ సరిపోయేట్టు.