పసుపు మంట

ఇంటి రిపేర్లకని గ్యాస్ టార్చ్ కొనడానికి మా పాపతో మేడ్చల్‌లో హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లాను. దుకాణదారు రెండు టార్చ్‌లు వెలిగించాడు. ఆ వాసనకే నేను మళ్లీ ఎనిమిదేళ్ల పిల్లనైపోయాను.

అప్పుడు మా అవ్వ రాగిబిందె కారుతోందని, చిల్లుకు తగరంతో మాటు వేయడానికి నాయిన నన్ను వెంటబెట్టుకుని టార్చ్ కొనడానికి పోయాడు. ఆయన జీడిమెట్లలో ఫిట్టర్.

"ఏది గావాల్నో నువ్వే జెప్పు బిడ్డా" అన్నాడు.

నన్నే అడిగాడు! ఒకదాని నీలిమంట ఎండలో కనిపించనే లేదు. రెండోదానికి మూరెడు పసుపు మంట, చిచ్చుబుడ్డిలా!

"గదే నాయినా, గదే మస్తుగున్నది!" అని ఎగిరాను.

ఇంటికొచ్చి మంట పెడితే తగరం కరగలేదు, బిందె మసిబారింది.

"నా బిందెను బొగ్గు జేసిన్రు గదనే!" అంది అవ్వ. నాకు ఏడుపొచ్చింది.

నాయిన మసి తుడిచి, టార్చ్ మెడ దగ్గరి రింగు కొంచెం తిప్పాడు. "గాలి సాల్తలేదు బిడ్డా, గంతే."

మంట బుస్సుమని నీలంగా మారింది. తగరం వెండిచుక్కలా జారి చిల్లు పూడ్చింది. నేను చప్పట్లే చప్పట్లు!

ఆ రింగు సంగతి ఆయనకు దుకాణంలోనే తెలుసు.

"అమ్మా, గా పసుపు మంటదే!" మా పాప ఎగురుతోంది.

మెడ దగ్గర రింగు ఉందో లేదో చూసుకున్నాను.

"గదే ఇయ్యన్నా" అన్నాను.