నాయిన తుపాకి... అక్క సంతకం

మా చిన్నప్పుడు బిస్కెట్‌ను చాయల ముంచితే బిస్కెట్ లెక్కనే బయటికొచ్చేది... ఇప్పటియి ముంచుడే ఆలస్యం, లోపల్నే మునిగిపోతున్నయ్. పొద్దుగాల్నుంచి మూడు పోయినయ్. నాలుగోదాన్ని స్పూన్‌తోని దేవి తిన్న. "నీ పెట్టుడు పండ్లకు గదే మంచిదిలే" అన్నది మా ముసల్ది. ఆమెకున్నయే నాలుగు పండ్లు... అది వేరే ముచ్చట.

సరే, అసలు ముచ్చటకొస్త. నిన్న కోదాడకెల్లి మా అన్న కొడుకు ఫోన్ చేసిండు. "చిన్నాయినా, నాయిన తుపాకి నా పేరు మీదికి మారుస్తున్నం" అని. డెబ్బై దాటినోళ్లు బతికుండంగనే వారసులకు ఇయ్యొచ్చునట... వానికి గూడ లైసెన్సు రావాలె, ఇంట్లోళ్లందరు ఒప్పుకున్నట్టు రాసియ్యాలె. వాని చెల్లె సూర్యాపేటకెల్లి స్కూటీ మీదొచ్చి, హెల్మెట్ గూడ తియ్యకుంట సంతకం గీకి పొయ్యిందట!

గది ఇన్నంక నాకు చాయ తాగబుద్ధి కాలే...

అప్పుడు నాకు తొమ్మిదేండ్లు. మునగాల అవతల మా ఊరు. మా నాయినకు ఒంటి గొట్టం తుపాకి ఉండె, లైసెన్సుది. పల్లి చెల్కల పడే అడవిపందులను అదిలియ్యనీకె. అర్రల మేకుకు యేలాడుతుండె. నాగలెట్లనో తుపాకి అట్ల... ఇంటి సామాను అనుకున్నం మేము.

నాయిన పొయ్యిండు. దినాలు గూడ కాలే, పోలీసు పటేలు వచ్చి అరుగు మీద కూసున్నడు.

"తుపాకి ఠాణాల అప్పజెప్పి రావాలె."

"పెద్దకొడుకును నేనున్న గద పటేలా" అన్నడు మా అన్న.

"లైసెన్సు మీ నాయినకిచ్చిండ్రు బిడ్డా, మీ ఇంటికి కాదు. నీ పేరున కాయితం వచ్చేదాక నువ్వు ముట్టుకున్నా కేసే."

అమ్మ దాన్ని నాయిన ధోతిల సుట్టింది... పసిపోరన్ని సుట్టినట్టు. అన్న ఎడ్లబండి మీద తోల్కపొయ్యి ఇచ్చి, రసీదు తెచ్చిండు. ఇగ మేకుకు రసీదు యేలాడుతున్నది. పందులు రసీదుకు భయపడుతయా!

పదకొండో దినం నాడు మా అక్క, బావ మిర్యాలగూడ దిక్కుకెల్లి మళ్ల వచ్చిండ్రు. మా దిక్కు అల్లుడు కూసోకుంట మొదటి బంతి వడ్డియ్యరు. గానీ ఆనాడు బావ తానానికని బాయికాడికి పొయ్యి ఎంతకూ రాలే. ఆత్మకూరు సుట్టాలకు బస్సు టైమైతున్నది... "వడ్డియ్యిండ్రయ్యా, ఎంతసేపు" అన్నరు పెద్దమనుషులు. వడ్డిచ్చిండ్రు. బావ వచ్చేసరికి అందరి ఇస్తార్లల్ల సగం బువ్వ ఐపోయింది.

"మామ ఉన్నన్ని దినాలేనా నేను అల్లున్ని?" అన్నడు. ఒక్క మెతుకు ముట్టకుంట అక్కను తోల్కొని పొయ్యిండు.

అన్న తుపాకి కోసం దరఖాస్తు పెట్టవోతే సూర్యాపేటల గుమాస్తా సెప్పిండు... వారసులందరు ఒప్పుకోవాలె, అమ్మ, అక్క, అందరు. నా తరఫున అమ్మనే ఏలుముద్ర పెడితే సాలు. ఊరంత నవ్విండ్రు. "ఆడివిల్లకు తుపాకిల వాటా ఏందిరా!" అని. భూమికి ఆడివిల్లల సంతకం అడగని సర్కారోళ్లు తుపాకికి అడుగుతున్నరు మరి!

అన్న మూడుసార్లు మిర్యాలగూడ బస్సెక్కిండు. బావ మంచం మీద కాలు మీద కాలేసుకొని, "సంతకం ఆమెది. నాదేమున్నది బామ్మర్దీ? నేను మీకు యాదికుంటనా ఏంది" అనెటోడట. అక్క తలుపెనుక కొంగు నోట్ల వెట్టుకొని ఏడుస్తుండెనట. నాలుగో తరగతి సదివింది అక్క. సంతకం రాకనా? పెన్ను పట్టనిస్తే గద...

పందులకు గివన్ని ఏం తెలుసు. అన్న డబ్బా కొట్టిండు, అమ్మ తాంబాళం కొట్టింది. మొదట్ల ఉరికినయ్. నాలుగు దినాలకు వాటికి సమజైంది... ఈళ్ల తాన సప్పుడే ఉన్నది, గుండు లేదని.

ఒకనాడు పొద్దూకంగ అమ్మ ఒక్కతే చెల్కల ఉండె. పంది వచ్చి మోకాలికాడ చీరింది.

సూర్యాపేట దవాఖానల అమ్మ మంచం పక్కన... అక్క ఇగ బావను అడగలే. "కాయితమేది?" అని అన్న చేతులకెల్లి గుంజుకొని సంతకం పెట్టింది. బావ కిటికీ దిక్కు సూసుకుంట నిలవడ్డడు.

కాయితాలు తిరిగి తిరిగి తుపాకి ఇంటికొచ్చేసరికి ఏడాది దాటింది. గొట్టం తుప్పు పట్టింది, సాపు జేయించినం. ఆ ఏడు పల్లికాయ ఒక్క గంపెడు గూడ ఇంటికి రాలే. అమ్మ కాలు ఇగ సక్కగ కాలే... పొయ్యేదాక కుంటుకుంటనే నడిసింది.

ఇప్పుడు ఫంక్షన్ హాళ్లల్ల ఎవని ప్లేటు వాడే పట్టుకొని లైన్ల నిలవడుతున్నడు... అల్లుడు లేడు, మామ లేడు. మొదటి బంతి లేదు, అలిగెటోడు లేడు. మంచిదో సెడ్డదో నాకైతే సమజైతలేదు. మీ ఇండ్లల్ల ఇసుంటి అలకతోని ఏ పనన్న ఆగిందా? సెప్పుండ్రి... నాతాన ఎవ్వలకు సెప్పనిదొకటుంది, అరవై ఏండ్లసంది కడుపుల పెట్టుకున్న.

బావకు ఆనాడు ఆలస్యమైంది తానానికి కాదు. కొత్త కిర్రు చెప్పులు ఏసుకొచ్చిండు. బామ్మర్దిని గద... నాయిన పొయ్యిండన్న సమజ్ గూడ సరిగ లేదు నాకు. బాయి గడ్డమీదికెల్లి తీస్కపొయ్యి గడ్డివాముల దాసిన. ఆయన ఉత్తకాళ్లతోని పల్లేరుగాయలల్ల దేవులాడుతుంటే, వామెనుక నోరు మూసుకొని నవ్విన. జరసేపైనంక ఇద్దామనుకున్న. గంతల్నే లొల్లైంది, భయమైంది. అమ్మకు దెబ్బ తాకినంక ఇగ నోరే రాలే.

పోయిన ఏడు బావ గూడ పొయ్యిండు. అక్కా... నేను రాసిన ఈ ముచ్చట నీ మనుమరాలు నీకు సదివి ఇనిపిస్తది. చెప్పులు దాసింది నేనే.