మోవా పచ్చిక మీద సున్నపు గీతలు

మా వీధి చివర ఎవరో కొత్త ఇంటికి ముగ్గు పోస్తున్నారు. నీళ్లు చల్లిన నేల మీద సున్నం పడిన వాసన కిటికీలోంచి లోపలికి వచ్చేసరికి చేతిలో పని ఆపి కూర్చుండిపోయాను. ఆ వాసన తగిలితే చాలు, నాకు పైడమ్మత్త కళ్లముందు నిలబడుతుంది.

ఆవిడది బొబ్బిలి వైపు. భర్త గ్యాంగ్‌మన్. రాయపూర్ రైల్వే క్వార్టర్లలో మా పక్కిల్లు. ఆయన పట్టాల మీద పనిచేస్తూనే చనిపోయాడు. దినాలు కాగానే క్వార్టర్ ఖాళీ చెయ్యమన్నారు. సొంతూరు వెళ్లినా ఎవరూ లేరు. అప్పుడామె తన రెండు ఆవుల్నీ తోలుకుని బిలాస్‌పూర్ రోడ్డు మీదున్న మోవా ఊరికి నడిచింది. ఆ ఊరివాళ్లు తమ పచ్చిక అంచున గుడిసె వేసుకోనిచ్చారు. అక్కడి నుంచే రోజూ పొద్దున్నే పాలబిందె నెత్తిన పెట్టుకుని మా క్వార్టర్లకు వచ్చేది. తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ మూడూ కలిపి మాట్లాడేది, ఏ ఒక్కదానికీ లొంగకుండా.

స్వాతంత్ర్యం వచ్చిన నాలుగైదేళ్లకు మాల్గుజార్ల, అంటే అక్కడి జమీందార్ల, హక్కులు రద్దయ్యాయి. వాళ్ల చేతుల్లో ఉన్న ఊరుమ్మడి భూములు సర్కారు కిందికి వచ్చాయి. అదే అదనుగా ఉద్యోగుల ఇళ్ల సంఘం ఒకటి మోవా పచ్చికను అడిగింది. కాగితాల్లో దాన్ని పడావు భూమి, అంటే ఎవరూ వాడని బీడు, అని రాశారు. మా నాన్న గూడ్స్ ఆఫీసు గుమాస్తా, రిటైరవడానికి ఏడాదిన్నర ఉంది. ఆయనకూ అందులో ప్లాటు వచ్చింది. పాత ఫారాల వెనక ఇంటి నమూనా గీసుకుంటూ, వంటగది కిటికీ ఎటువైపు ఉండాలో అమ్మను రోజుకోసారి అడిగేవాడు.

అప్పటికి నేను రైల్వే తెలుగు బడిలో టీచరుగా చేరి ఏడాది. హైస్కూలు హిందీలో చదివాను. ఒక పొద్దున పైడమ్మత్త పాలు పోసి, బిందె నేల మీద పెట్టింది.

"అమ్మాయీ, మా పచ్చిక మాకుండాలని తహసీల్దారుకి మా ఊరోళ్ల అర్జీ రాయాల. నువ్వు రాస్తావా?"

"అక్కడ కట్టే ఇళ్లలో ఒకటి మాది అత్తా."

"తెలుసు. మీ నాన్న ఎంత సంబరంగా సెప్పినాడో. కచేరీ కాడ రాసేవోడికి ఆ పచ్చికేటో తెలీదు. నువ్వొచ్చి సూడు. సూసినాక రాయబుద్ధి కాకపోతే మానేయి."

ఆదివారం వెళ్లాను. ఊరి మందంతా మేసే నేల అది. దాని మీద అడ్డంగా, నిలువుగా సున్నపు గీతలు. సంఘం మనుషులు ముందురోజే పోసి వెళ్లారట. ఆడవాళ్లు వరసగా కూర్చుని ఆ గీతల మీదే పిడకలు చరుస్తున్నారు. ముందు వరసలో పైడమ్మత్త. గొలుసు పట్టుకుని కొలిచే మనుషులు వచ్చి, పిడకలు తీసెయ్యమని కోప్పడ్డారు.

"పచ్చివి తీస్తే ఇరిగిపోతాయి బాబూ. ఎండనీ," అంది తలెత్తకుండా. అవి ఎండేలోగా పక్కన ఇంకో వరస వేస్తారని వాళ్లకూ అర్థమైంది. వెళ్లిపోయారు.

"మరి ఇల్లు లేనివాళ్లు ఎక్కడుండాలి అత్తా?" అన్నాను. నిజంగానే అడిగాను. నాన్న ముఖం కళ్లలో మెదులుతోంది.

ఆమె చేతులు కడుక్కుని, దూరంగా ఉన్న రాళ్లదిబ్బ చూపించింది. "అదీ సర్కారుదే. ఇల్లొద్దని నాను అనలేదు. ఇల్లు పోతే ఎలాగుంటాదో నాకు తెలీదేటి? మనిషి రాళ్ల మీద ఇల్లు కట్టగలడు. ఆవు రాళ్లు తినలేదు కదా."

ఆ మాటే అర్జీలో రాశాను. ఊరివాళ్లంతా వేలిముద్రలు వేశారు. కాగితం చదివి వినిపించి మడవబోతుంటే పైడమ్మత్త నా చెయ్యి పట్టుకుంది.

"రాసినోళ్ల పేరు రాయలేదేటి?"

"నాన్నకు తెలిస్తే బాధపడతారు."

"నా ఏలిముద్ర నాది. నీ రాత నీది. నాది కనపడాల, నీది దాగాలా?"

కలం మళ్లీ తీశాను. పేరు రాశాను. చెయ్యి వణికి అక్షరాలు వంకరపోయాయి.

వారం తిరక్కుండా ఆ సంగతి నాన్నకు తెలిసింది. "రాత నీదేనా?" అన్నాడు. నాదేనన్నాను. ఆ రోజు నుంచి నమూనా కాగితాలు బయటికి తియ్యలేదు, నాతో మాట్లాడనూ లేదు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

తహసీల్దారు విచారణకు పచ్చిక దగ్గరికే వచ్చాడు. ఒకవైపు ఊరు, ఒకవైపు సంఘం సభ్యులు, వాళ్లలో నాన్న. తహసీల్దారు పైడమ్మత్తను చూసి హిందీలో అడిగాడు, "నువ్వు ఆంధ్రా మనిషివి. ఈ ఊరి నేలతో నీకేం పని?"

ఆమె కూడా హిందీలోనే చెప్పింది. "నా మొగుడు పోయాక ఇల్లు ఖాళీ చెయ్యమన్నవాళ్లున్నారు. ఎక్కడికి పోతావని అడిగింది ఈ ఊరొక్కటే. మరి నాది ఏ ఊరో మీరే చెప్పండి."

ఆయన అర్జీ తిరగేసి, చివర ఉన్న పేరు చదివి ఎవరిదన్నాడు. ముందుకొచ్చాను. "నాదే. మా నాన్నకు ఇందులో ప్లాటు ఉంది. అయినా ఇది పడావు కాదు, ఊరి పచ్చిక. చూసి రాశాను." నాన్న నేలకేసి చూస్తున్నాడు.

కొన్ని నెలలకు ఉత్తర్వు వచ్చింది. పచ్చిక ఊరివాళ్లకే ఉంటుందని, సంఘానికి రాళ్లదిబ్బ ఇస్తున్నామని. మా ఇల్లు ఆలస్యమైంది. నాన్న రిటైరయ్యాక రెండేళ్లు ఒంటిగది అద్దె కొంపలో ఇరుక్కున్నాం. ఆ రెండేళ్లూ అమ్మ ముఖం చూడ్డానికి నాకు ధైర్యం చాలేది కాదు. తప్పు చేశానని మాత్రం ఒక్కరోజూ అనుకోలేదు. పునాది పడిన రోజుల్లో ఒక పొద్దున నాన్న తనే పాలగిన్నె తీసుకుని గుమ్మంలోకి వెళ్లాడు.

"రాళ్లు కొట్టడానికే నెల పట్టింది పైడమ్మా. పునాది మాత్రం గట్టిగా వచ్చింది," అన్నాడు.

"వస్తాది బాబూ," అంటూ పాలు పోసింది.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు బడుల్లో పనిచేశాను. పైవాళ్లకు గిట్టని ఉత్తరాలు చాలా రాశాను, వాటి వల్ల రెండుసార్లు బదిలీ అయ్యాను. కాగితం చివరికి వచ్చేసరికి చెయ్యి ఇప్పటికీ వణుకుతుంది. వణుకుతూనే నా పేరు పూర్తిగా రాస్తాను, ఇంటిపేరుతో సహా.