మా మేనత్త ఎత్తిన చెయ్యి

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్ దాటితే అన్నీ ద్రాక్షతోటలే. ఇవాళ కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న చోట అప్పుడు పందిళ్ల కింద అనాబ్‌షాహీ గుత్తులు వేలాడేవి. ఇప్పటి ఎల్బీనగర్ వైపు పొద్దుగూకాక ఒంటరిగా వెళ్లడానికి పెద్దవాళ్లే జంకేవారు. తోటలు కొట్టేసి ప్లాట్లు చేయడం అప్పుడప్పుడే మొదలైంది. కోస్తా నుంచి ఉద్యోగాల మీద వచ్చినవాళ్లు అవి కొనుక్కుని ఇళ్లు కట్టుకుంటున్నారు. మేమేమో నల్లగొండ పల్లె నుంచి వచ్చి కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం.

అవి మొదటి తెలంగాణ ఉద్యమం రోజులు. బడులు మూతపడ్డాయి. పిల్లలకు అంతకన్నా పండగ ఏముంటుంది! మా నాయన ఒక ఆఫీసులో గుమాస్తా. సమ్మెలో ముందు నిలబడి జైలుకు వెళ్లొచ్చారు, దాంతో ఉన్న ఉద్యోగం కాస్తా ఉంటుందో ఊడుతుందో తెలియకుండా పోయింది. ఆయనది ఒకటే మాట. రాష్ట్రం వచ్చేదాకా రాజీ లేదు, పదవి చూపించినా లేదు. మైకు ముందు అదే మాట, ఇంట్లో అన్నం ముందూ అదే మాట. "ఆ మాట పెడితె దుకాణంల ఉప్పు గూడ ఇయ్యరు" అని మా అమ్మ దెప్పేది. దెప్పుతూనే ఆయన మీటింగుకు వెళ్లే చొక్కా మాత్రం ఉతికి ఆరేసేది.

మా మేనత్త, అంటే నాయన చెల్లెలు, రెండు బర్రెలు పెట్టుకుని పాలు పోసేది. పొద్దున్నే మావాళ్ల ఇళ్లకూ, కోస్తావాళ్ల ఇళ్లకూ తిరిగేది. ఊరేగింపు ఉందంటే ఆమె వెనక బస్తీ ఆడవాళ్లంతా కదిలేవారు. అందుకని ఉద్యమ పార్టీవాళ్లు ఆమె పేరు కూడా కమిటీలో రాసుకున్నారు. రాసుకోవడమే తప్ప, మీటింగులో ఆమె పని వంటింటి గడప దగ్గర కూర్చుని చాయ్ అందించడం. ఏ సంగతిలోనూ ఆమెను ఎవరూ ఏమీ అడిగేవారు కాదు.

ఉద్యమం కొంచెం చల్లబడ్డాక వార్డు ఎన్నికలు వచ్చాయి. పార్టీ తరఫున ఎవరిని నిలబెట్టాలన్నది కమిటీ తేల్చాలి. ఒకరు మా నాయన. రెండోవాడు ద్రాక్షతోట ఆసామి. ఆయన ఉద్యమం వేడెక్కాక వచ్చి చేరినవాడు, లాఠీ దెబ్బ ఎరగడు. అలాగని చెడ్డవాడేమీ కాదు. నవ్వు ముఖం, చేతిలో లారీలు, పిలిస్తే పలికే గుణం. కోస్తావాళ్లకు ప్లాట్లు అమ్మింది ఆయనే కాబట్టి వాళ్లకూ ఆయన మీద గురి ఉండేది. రాష్ట్రం కావాలనే పార్టీకి, వద్దనుకునేవాళ్ల ఓట్లు కూడా తేగల మొనగాడు ఆయనొక్కడే. మా నాయనకు గౌరవం దండిగా ఉండేది. ఓట్లు పడతాయా అన్నదే అనుమానం.

మీటింగు మా ఇంట్లోనే పెట్టారు. ఆ పొద్దున మేనత్త వచ్చి గిన్నెలో పాలు పోసింది. ఎప్పటిలా వెళ్లిపోకుండా నాయన ఎదురుగా చాప మీద కూర్చుంది.

"అన్నా, ఇయ్యాల నా చెయ్యి నీకు లేవది. ముందుగాల నీకే చెప్తున్న" అంది.

నాయన గ్లాసు కింద పెట్టారు. "అంటే, నేను చెప్పేది తప్పంటవా?"

"తప్పెందుకైతది? ఒప్పే. గని నువ్వు గెలువవు. దినాం ఇల్లిల్లు తిరుగుతున్న, నాకు ఎర్కలేదా? మనం ఓడితె, అవతలి పార్టోళ్లు గీళ్లకే రాష్ట్రం అక్కర్లేదంట అని చాటిస్తరు."

"మరి గెలిచినోడు మాట మీద ఆగుతడా?"

"అది నాకు తెల్వది" అని ఒప్పుకుంది. అమ్మ లోపల గిన్నెలు ఠంగున పడేసింది. "తోడబుట్టినదే ఇట్లంటె బయటోళ్లను ఏమనాలె" అని గోడకు చెప్పినట్టు మేనత్తకు చెప్పింది. నాకైతే ఒళ్లు మండింది. వెళ్తూ వెళ్తూ మేనత్త పిలిచినా పలకలేదు.

మధ్యాహ్నానికి కమిటీ వచ్చింది. పెద్దరికం కిరాణా కొట్టు తాతది. చేతులెత్తి తేల్చుకోవాలనీ, రెండు వైపులా సమానమైతే జైలుకు వెళ్లొచ్చిన మనిషికే సీటనీ ముందే అనుకున్నారు. మొదట నాయనకు ఎత్తారు, తర్వాత తోటాయనకు. తాత వేలు చూపిస్తూ లెక్కపెట్టి, చెరిసగం అని తేల్చాడు. అంటే సీటు మా నాయనది. వంటింట్లో అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది.

గడప దగ్గర మేనత్త చెయ్యి లేచే ఉంది. లెక్కపెట్టేటప్పుడు తాత ఆ వైపు తిరగనే లేదు. ఆమె నోరు తెరవలేదు, చెయ్యీ దించలేదు. తోటాయన చూశాడని నాకు ఇప్పటికీ నమ్మకమే, కానీ తన వైపు ఇంకో చెయ్యి ఉందని చెప్పడానికి ఆయనకు మొహమాటం అడ్డొచ్చింది. నాయన కూడా చూశారు. ఆ చెయ్యి ఎవరికి లేచిందో ఆ ఇంట్లో అందరికన్నా బాగా తెలిసింది ఆయనకే.

"కాకా, ఇంకో చెయ్యి ఉంది. మా చెల్లెది. లెక్కవెట్టు" అన్నారు.

తాత నవ్వేశాడు. "ఆడిపిల్లది ఏం లెక్క తియ్యి. నీకే గదా వచ్చింది, జర ఊకో."

"కమిటీల పేరున్నదా లేదా? ఉంటె లెక్కవెట్టాలె."

లెక్కపెట్టారు. ఆ ఒక్క చేత్తో మా నాయన సీటు పోయింది. ఆయన లేచి తోటాయన చెయ్యి పట్టుకుని కలిపారు. మేనత్త చాయ్ గ్లాసులు ఏరుకుని లోపలికి వచ్చింది, కళ్లు నిండి ఉన్నాయి. అమ్మ ఆమెకు తోవ ఇవ్వలేదు.

అందరూ వెళ్లాక అమ్మ నాయన మీద పడింది. నోరు మూసుకుని కూర్చుంటే సరిపోయేది కదా, చేతికొచ్చిన ముద్ద ఎవరైనా పారేసుకుంటారా అని ఏడ్చింది. నాయన ఒక్కటే అన్నారు. "మా లెక్క మాకు రావాలెనని గదా జైలుకు పోయింది? ఇంట్ల ఆడిపిల్ల లెక్క నేనే ఎగ్గొట్టి, రేపు మైకుల ఏ మొఖంతోటి అడగాలె?" అయినా అమ్మ కోపం చాలా రోజులు పోలేదు.

తోటాయన గెలిచాడు, మంచి మెజారిటీతోనే. మేనత్త లెక్క తప్పలేదు. కానీ ఏడాది తిరక్కుండానే ఆయన దండలు వేయించుకుని అధికార పార్టీలోకి దూకాడు. నాయనను జైల్లో పెట్టించింది ఆ పార్టీయే. నాయన లెక్కా తప్పలేదు. కబురు తెలిసిన రోజు మేనత్త మా గడపలో నిలబడి, "ఏమన్న అను అన్నా, పడ్త" అంది. నాయన పీట చూపించారు. "ఏమనాలె? నాకు చెప్పే ఎత్తినవు గదా. కూసో, చాయ్ తాగు." ఆ చాయ్ పెట్టింది మా అమ్మ.

చాయ్ తాగి మేనత్త ఊరుకోలేదు. బస్తీ ఆడవాళ్లను వెంటేసుకుని తోటాయన గేటు ముందుకు వెళ్లింది. "నీకు చెయ్యెత్తింది నేను. ఎందుకు పోయినవో నాకు చెప్పి పో" అని అడిగింది. ఆయన బయటికి రాలేదు. అయినా ఆమె మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుంది.

ఆ తర్వాత మలి ఉద్యమం వచ్చింది, రాష్ట్రమూ వచ్చింది. నేనూ ఇలాంటి కమిటీల్లో చాలాసార్లు కూర్చున్నాను. ఒకసారి గెలిచేవాడికి చెయ్యెత్తి మోసపోయాను, ఒకసారి నమ్మినవాడికి ఎత్తి ఓడిపోయాను. ఏది సరైనదని ఎవరైనా అడిగితే ఈ వయసులోనూ ఇదీ అని చెప్పలేను. కానీ ఎవరిని కాదనబోతున్నానో ముందు వాళ్ల ఇంటికి వెళ్లి ఆ మాట చెప్పి వస్తాను. పీట వేసినవాళ్లున్నారు, ముఖం మీద తలుపేసినవాళ్లూ ఉన్నారు. ఇక చేతులు లెక్కపెట్టే వేళ, వెనక ఎక్కడో లేచిన చెయ్యి ఏదైనా మిగిలిపోయిందా అని ఒకసారి తిరిగి చూస్తాను. అది నాకు వ్యతిరేకంగా లేచిన చెయ్యి అయితే, ముందు దాన్నే లెక్కపెట్టమంటాను.