పెనుకొండ రాముడన్న మీద నేను వేసిన నింద

పోయిన ఎండాకాలంలో ఏసీ చల్లగా రావడం లేదంటే హిందూపురంలో ఒక ఇంటి మిద్దె ఎక్కాను. ఎండ తగలకుండా ఆ ఇంటివాళ్లు బయటి యూనిట్‌కు గోనెపట్టలు చుట్టి తాడుతో బిగించి కట్టారు. కాగిన గోనె వాసన ముక్కుకు తగలగానే నాకు ఒళ్లు మండిపోయింది. తాడు కోసి పట్టలు అవతలికి విసిరేశాను. "అంత కోపమెందుకప్పా? మంచికే కట్టినాము గదా" అంది ఇంటావిడ బిత్తరపోయి. నా కోపం ఆమె మీద కాదు. పన్నెండేళ్ల కిందట ధర్మవరంలో ఇలాగే గోనెపట్టలు కట్టిన మిద్దె ఒకటి ఉండేది. దాన్ని నేను ఎక్కలేదు. ఎక్కానని చెప్పాను.

నాకు ఈ పని నేర్పినవాడు పెనుకొండ రాముడన్న. ముప్పై దాటాక ఉద్యోగం పోయి దిక్కుతోచక తిరుగుతుంటే తన షాపులో చేర్చుకున్నాడు. ఏ ఇంటికి వెళ్లినా పనిముట్ల సంచి గడప బయటే పెట్టేవాడు. ముందు ఫిల్టర్ ఊడదీసి కడగాలి. తర్వాత మిద్దెక్కి బయటి యూనిట్ ఎదుట అరచెయ్యి పెట్టి గాలి చూడాలి. ఆ రెండూ అయ్యాకే సంచి లోపలికి వచ్చేది. "పోయినేడు పట్టించిన గ్యాస్ అయిపోయింటాది, మళ్లీ పట్టప్పా" అని ఒకాయన తొందరపెడితే, "అదేమన్నా సారాయి తాగినట్లు తాగుతాదా సామీ? యాడన్నా కారితేనే తగ్గేది. కారే చోటు చూపించు, పడతా" అన్నాడు. చాలామందికి అది పొగరుగా కనిపించేది. నిజం చెప్పాలంటే నాకూ విసుగే. ఆయన ఒక ఇల్లు ముగించేలోగా వేరేవాళ్లు మూడిళ్లు చుట్టి వచ్చేవారు.

ధర్మవరంలో ఓబులేసు అని పట్టుచీరల వ్యాపారి. ఇంట్లోనే మగ్గాలు, పక్క గదిలో పెళ్లివాళ్లకు చీరలు చూపిస్తారు. ఆ గదిలో ఏసీ పనిచేయడం లేదంటే ఆ రోజు నేనొక్కడినే వెళ్లాను. ఇంకా నాలుగిళ్లకు పోవాలి. ఫిల్టర్ తీయలేదు. మగ్గాల గదినుంచి వచ్చిన పట్టు నూగు దానికి దుప్పటిలా పట్టి ఉంది. అలా గాలి ఆడకపోతే గ్యాస్ ఒత్తిడి చూపే గేజీ ముల్లు కిందికి పడిపోతుంది, గ్యాస్ తగ్గిందనుకుని మోసపోతాం. నేను మోసపోయి, మిద్దెక్కకుండానే, పైపుకు కిందనే పెట్టించి ఉన్న వాల్వునుంచి గ్యాస్ ఎక్కించాను. పైన గోనెపట్టల మధ్య వేడి బయటికి పోక ఉడికిపోతున్న యంత్రానికి అదనపు బరువు పెట్టాను. మూడో రోజున కంప్రెసర్ కాలిపోయింది.

ఓబులేసు పెనుకొండకు వచ్చి షాపు ముందు నిలబడి బజారంతా వినేటట్టు అరిచాడు. "పెళ్లోళ్లు ఉడక తట్టుకోలేక చీరలు ఆడే పారేసి పోయిరి! గ్యాస్ ఏయమనింది ఎవుడప్పా?"

రాముడన్న నావైపు తిరిగాడు. "శీనా, మిద్దెక్కి చూసినావా?"

"చూసినానన్నా. పైన అంతా బాగుండాది. నువ్వు ఏయమంటేనే గ్యాస్ ఏసినా."

ఆయన అలా చెప్పలేదు. చెప్పే మనిషే కాదు. ఒక్క క్షణం నా మొహం చూసి, "మావాని తప్పేం ల్యాదు. నేనే ఏయమన్నా" అన్నాడు ఓబులేసుతో.

మరుసటి రోజు తనే వెళ్లి కొత్త కంప్రెసర్ బిగించాడు. పట్టలు విప్పిందీ, ఫిల్టర్ కడిగిందీ ఆయనేనని తర్వాత ఆ ఇంటివాళ్ల ద్వారా తెలిసింది. అంటే నా అబద్ధం ఆయన చేతుల్లోనే విడిపోయింది. తిరిగొచ్చి నన్ను ఒక్క మాట అనలేదు. ఎందుకనలేదని ఇప్పటికీ ఆయన మీద నాకు కోపం. నలుగురిలో చెంప పగలగొట్టి ఉంటే అప్పుడే నిజం కక్కేవాణ్ణి. ఆయన ఊరుకున్నాడు, నేను దాన్ని అలుసుగా తీసుకున్నాను.

రాముడికి గ్యాస్ పట్టడం కూడా రాదని ధర్మవరమంతా పాకింది. అడిగినా గ్యాస్ పట్టనని మాటలు పడ్డ మనిషికి ఆ పేరు! పిలిచేవాళ్లు తగ్గిపోయారు. రెండేళ్లకు షాపు మూశాడు. ఆ ఏడే నేను హిందూపురంలో షాపు తెరిచాను. ఆయన పోగొట్టుకున్న ఇళ్లే నన్ను పిలిచాయి. సిగ్గు లేకుండా వెళ్లాను. ఆ గోనెపట్టలు విసిరేసిన నాటికి ఆయన చనిపోయి నాలుగు నెలలు.

ఆ సాయంత్రమే పెనుకొండ వెళ్లి ఆయన భార్యకు జరిగిందంతా చెప్పాను. ఆమె ఏడవలేదు. "నాకెందుకు చెప్తాండావు? ఆయప్ప సంగతి నాకు తెల్దా? చెప్పాల్సినోళ్లు ధర్మవరంలో ఉండారు. ఆడికి పో."

వెళ్లాను. ఓబులేసు అంతా విని నవ్వేశాడు. "పోయినోడు పోయినాడు, ఇప్పుడెందుకప్పా ఇవన్నీ? ఎట్లాగూ వచ్చినావు గదా, ఏసీ ఒకసారి చూసి పో."

"ఆయన పేరు చెడిపోయింది గదన్నా."

"ఏం పేరప్పా ఆయప్పది?" అన్నాడు, నిజంగానే గుర్తురాక.

ఏసీ చూడకుండా వచ్చేశాను. ఇప్పుడు ఎవరైనా నా పనిని మెచ్చుకుంటే ముందు రాముడన్న పేరు చెబుతాను, ఆ వెంటనే నేనాడిన అబద్ధం చెబుతాను. విన్నవాళ్లలో కొందరు నన్ను మళ్లీ పిలవడం లేదు. పిలవకపోవడమే న్యాయం.