బంక పిన్ని చదవని చివరి పేజీలు

పుస్తకం మంచిదా కాదా అని తేల్చడానికి దాన్ని చదవక్కర్లేదని బంక పిన్ని అనేది. మూసిన పుస్తకాన్ని పక్కకు తిప్పి, కాగితాల అంచుల మీద మాపు ఎంతదాకా పాకిందో చూపించేది. మొదటి వేలెడు మందం నల్లబడి మిగతాది తెల్లగా ఉంటే, జనం ఉత్సాహంగా మొదలుపెట్టి మధ్యలో వదిలేశారని లెక్క. చివరిదాకా ఒకే మాపు ఉంటే కళ్ళు మూసుకుని తీసుకుపోవచ్చు. ఆ తర్వాత పెద్దపెద్దవాళ్ళు రాసిన సమీక్షలు చాలా చదివాను కానీ, ఈ పద్ధతి తప్పని వాటిలో ఒక్కటీ రుజువు చేయలేకపోయింది.

ఆవిడ మా గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలు కుట్టే మనిషి. పనిచేసేది నేలమాళిగలో ఒక గది. పొడుగాటి బల్ల, పుస్తకాలను బిగించే మర, మైనం రాసిన దారపు ఉండలు, పొయ్యి మీద ఎప్పుడూ గోరువెచ్చగా ఉండే బంక గిన్నె. పైకప్పుకు ఆనుకుని ఉన్న ఒక్క కిటికీలోంచి వీధిలో నడిచేవాళ్ళ కాళ్ళు మాత్రమే కనబడేవి. చెప్పులను బట్టి ఎవరొస్తున్నారో చెప్పేది. అంతకుముందు మిల్లులో గోనెసంచులు కుట్టేదట. మిల్లు మూతపడ్డాక, సూది పట్టడం వచ్చుగా అని ఎవరో ఇక్కడ చేర్పించారు. సంచులు కుట్టిన చెయ్యి పుస్తకాలకు అలవాటు పడడానికి ఏడాది పట్టిందని, అప్పట్లో తను కుట్టిన పుస్తకాలు తెరవాలంటే ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చేదని తనే చెప్పి నవ్వేది.

నాకు ఆవిడ దొరికింది పద్నాలుగేళ్ళప్పుడు. ఆ ఏడాది పరీక్ష తప్పాను. నా స్నేహితురాళ్ళంతా పై తరగతికి వెళ్ళిపోయారు. నేను అదే గదిలో, అదే బల్ల మీద, నాకంటే చిన్నవాళ్ళ మధ్య కూర్చున్నాను. ఎవరైనా పలకరిస్తే ఒట్టు. అమ్మ గ్రంథాలయానికి ఎదురుగా ఉన్న బట్టల దుకాణంలో గుండీలు కుట్టేది. దుకాణం కట్టేసేదాకా నన్ను గ్రంథాలయంలో కూర్చోమని వదిలి వెళ్ళేది. నేను మెట్ల కింద నక్కి, చేతికందిన పుస్తకం మూలలు కొరుకుతూ కూర్చునేదాన్ని. కొరుకుతూ అంటే నిజంగానే కొరుకుతూ. నేను పాడుచేసినవి ఆవిడే బాగుచేయాలి కదా, ఒకరోజు నేరస్థురాలిని వెతుక్కుంటూ పైకి వచ్చింది. తిట్టలేదు. కిందికి తీసుకెళ్ళి, ఎదురుగా పీట వేసింది. ఆ రోజు నుంచి నేను చిట్టెలుకను.

పెద్దపిల్లల కోసం పెట్టిన బీరువాల్లోవే ఆవిడ దగ్గరికి ఎక్కువగా వచ్చేవి. ఉన్న లోకం చాలక ఇంకో లోకం కల్పించిన కథలన్నీ అక్కడే. గాలి బయటికి పోకుండా కోట తలుపులకు కాపలా కాసే పిల్ల కథ «గాలికి గొళ్ళెం». తాను ముసలివాడయ్యాక రాసిన ఉత్తరాలు తనకే ముందుగా అందే కుర్రాడి కథ «రేపటి తపాలా». వీటన్నిటిలోకీ మాసిపోయింది «మూడో చంద్రుడి మీద బావి». నీళ్ళు లేని ఒక చంద్రుడి మీద ఒంటరిగా మిగిలిన పిల్ల బావి తవ్వుతుంది. ఒకటి ఎండిపోతే ఇంకొకటి. దాన్ని నా ఒళ్ళో పెట్టి, "అంచు చూడు, అట్ట దగ్గర్నించి అట్ట దాకా నలుపే. తీసుకుపో," అంది పిన్ని.

ఆ పిల్ల ఐదో బావి కూడా ఎండిపోయి, ఆరోదానికి కొలతలు వేసుకునే పేజీ దగ్గర నేను ఏడ్చాను. పరీక్ష తప్పినప్పుడు రాని ఏడుపు అది. మర్నాడు బడిలో నా పక్కన కూర్చున్న చిన్నపిల్లను లెక్క అడిగి చెప్పించుకున్నాను. ఆ పుస్తకాన్ని ఎన్నిసార్లు తీసుకెళ్ళానో నాకే గుర్తులేదు. ఇవాళ నాకంటూ చదువు, ఉద్యోగం ఉన్నాయంటే ఆ ఆరో బావి వల్లే. అది నా చేతిలో పెట్టిన పిన్ని వల్ల. ఈ మాట ఆవిడతో అంటే, పోవే, మాసిన పుస్తకం ఇచ్చినందుకు ఇంత పొగడ్తా అంటుంది.

విచిత్రమేమిటంటే ఆవిడకు ఏ కథా పూర్తిగా తెలియదు. కుట్టు తెగి ఊడి వచ్చిన పేజీలను వరసలో పెట్టేటప్పుడు చదువుకునేది. ఎక్కువగా ఊడేవి మధ్యవి. కాబట్టి ఊళ్ళో ఉన్న కథలన్నిటి నడుములూ తెలుసు, తలా తోకా తెలియవు. బావి పిల్ల ఆరో గోతిలో దిగడం దాకా తెలుసు. చివరికి నీళ్ళు పడ్డాయో లేదో నేను చెప్పబోతే నోరు మూయించేది. చివరి పేజీలు ఊడి వచ్చిన రోజు తనే చదువుకుంటుందట. గట్టిగా ఉన్న కుట్టును కథ కోసం తెంపడం పాపమని, ఇంటికి తీసుకెళ్ళి చదువుదామంటే కళ్ళకు అంత ఓపిక మిగలదని అనేది.

చదువులు, వేరే ఊళ్ళలో కొలువులు అయ్యాక, అదే గ్రంథాలయానికి సహాయకురాలిగా తిరిగి వచ్చాను. చేరిన మూడో వారంలో పెద్దసారు ఒక ఉత్తర్వు ఇచ్చారు. పోటీపరీక్షల పుస్తకాలకు చోటు చాలడం లేదు, రెండేళ్ళుగా ఎవరూ తీసుకోనివి జాబితా రాయండి, చిత్తుకాగితాలు కొనే బండి శుక్రవారం వస్తుంది. ఆయన చెడ్డవారేమీ కారు. కాకపోతే చంద్రుడి మీద బావులన్నీ ఆయన దృష్టిలో కాకమ్మ కథలు.

జాబితా రాయడం సులువే. ప్రతి పుస్తకం చివరి అట్ట లోపల, పైన పుస్తకం పేరు రాసిన ఒక చీటీ ఉంటుంది. తీసుకున్న ప్రతిసారీ తేదీ ముద్ర, పక్కన తీసుకున్నవాళ్ళ సభ్యత్వ సంఖ్య. చీటీ ఖాళీగా ఉంటే ఆ పుస్తకానికి నూకలు చెల్లినట్టే. పెద్దపిల్లల బీరువాల్లో ముప్పై ఎనిమిది పుస్తకాలకు చీటీలు తెల్లగా మెరుస్తున్నాయి. అందులో «మూడో చంద్రుడి మీద బావి» ఒకటి. దాన్ని చూసి నా ప్రాణం ఉసూరుమంది. నా తర్వాత ఎవరికీ అక్కర్లేకపోయిందే అనుకున్నాను. అనుకుని, జాబితాలో రాశాను. అట్ట కొత్తగా ఉందని చూసి కూడా అనుమానం రాలేదు. బుర్రకు పని చెప్పకపోవడం ఉద్యోగంలో అందరికంటే ముందు అలవడే విద్య.

బండివాళ్ళు అట్టలతో ఉన్న పుస్తకాలు తీసుకోరు. అట్టలు కోయడానికి ఆ ముప్పై ఎనిమిదీ కట్టలు కట్టి బంక పిన్ని గదికి పంపారు. పావుగంటలో ఆవిడ పైకి వచ్చింది. చేతిలో కత్తి, చంకలో బావి పుస్తకం. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరలేదు. ఇవి ఎవరి నిర్ణయమని అడిగింది. జాబితా రాసింది నేనేనని చెప్పాను. ఆవిడ నన్ను ఒక్కసారి చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

తిన్నగా పెద్దసారు గదిలోకి వెళ్ళి నిలబడింది. వెనకే నేను.

"తప్పు నాదే సారూ," అంది. "రంగులు వేయడానికి పెద్దపిల్లల బీరువాల గది మూసినప్పుడు, బాగా చిరిగినవన్నీ ఏరి నేనే కుట్టాను. పాత చీటీలు మాసిపోయాయని పీకేసి కొత్తవి అంటించాను. నీటుగా ఉంటుందని చేశాను. గది తెరిచింది మొన్ననే, కొత్త చీటీల మీద ఇంకా ముద్ర పడలేదు. ఇవి ఎవరూ చదవనివి కావు, అందరూ చదివి చదివి చింపేసినవి."

అప్పుడు నాకు వెలిగింది. జాబితాలో ఎక్కింది ఊరంతా ఎక్కువగా చదివిన ముప్పై ఎనిమిది పుస్తకాలు. భూమి చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది.

పెద్దసారు ఓపిగ్గానే విన్నారు. మాట మీద నమ్మకం ఉన్నా కాగితం మీద రుజువు కావాలన్నారు. పాత చీటీలు ఉన్నాయా, పారేశారా అని అడిగారు.

"కాగితం పారేయడం నాకు చేతకాదు సారూ. ఉన్నాయి," అంది పిన్ని. పుస్తకం వీపు మీద చెయ్యి వేసి, "ఇందులో ఉన్నాయి," అంది.

పుస్తకం వీపు వంగిపోకుండా కుట్టు మీద గట్టి కాగితం అంటించి, దాని మీద గుడ్డ వేస్తారు. సామాన్ల గదివాళ్ళు ఆ కాగితం ఏనాడూ సరిగ్గా ఇచ్చింది లేదు. పాత చీటీలు మందంగా ఉంటాయి కాబట్టి వాటినే వాడేసింది. బయటికి తీయాలంటే వీపు కోయాలి. రెండు నెలల కిందటి తన పనిని తనే కోయాలి. ఆవిడ పెద్దసారు బల్ల మీదే పుస్తకం బోర్లా పెట్టి, గుడ్డ మీద కత్తి ఆనించి, కాసేపు ఆగింది. తర్వాత ఒక్క గీతలో చీల్చేసింది. తడి గుడ్డ అద్ది, గోటితో మెల్లగా లేపితే, బంక మరకలతో పసుపుపచ్చగా చీటీ వచ్చింది. ముద్ర మీద ముద్ర. ఆఖరిది గది మూసిన వారం తేదీ. వరస చాలక వెనక్కి తిప్పి కూడా కొట్టారు. దాని కింద ఇంకో చీటీ, అంతకంటే పాతది.

పెద్దసారు కళ్ళద్దాలు సవరించుకుని ఆ పాతదాన్ని వేలితో చదువుకుంటూ పోయారు. "ఈ నాలుగు వందల పన్నెండు ఎవరు? ఒక్కరే పదకొండుసార్లు తీసుకున్నారు," అన్నారు.

"నేనే సార్," అన్నాను.

ఆయన నన్ను చూశారు, జాబితా చూశారు, అందులో ఆ పుస్తకం పేరు కొట్టేశారు. ఆయన మీద గౌరవం నాకు ఆ క్షణంలో మొదలైంది. కానీ ఒక పుస్తకానికి రుజువు ఒక పుస్తకానికేనన్నారు. మిగతావాటికీ చీటీలు చూపిస్తే అవీ ఉంటాయి, బండి రేపు పొద్దున వస్తుంది.

ఆ మధ్యాహ్నమంతా కింది గదిలో ఆవిడ కోస్తూ పోయింది, నేను చీటీలు తడిపి తీస్తూ, తేదీలు రాస్తూ పోయాను. ఒక పుస్తకం చీటీ ఇంకో పుస్తకం వీపులో దొరికేది, ఏది చేతికొస్తే అది అంటించింది మరి. అందుకని అన్నీ కోయక తప్పలేదు. కిటికీలో కాళ్ళు పల్చబడేసరికి ముప్పై ఏడింటికి లెక్క తేలింది. ఒకదానికి చీటీ దొరకలేదు. దొరికిందని రాసేద్దామన్నాను. "వద్దు. ఒక్క అబద్ధం కలిస్తే మిగతా ముప్పై ఏడూ అబద్ధమే అవుతాయి," అంది. ఆ ఒక్కదాని అట్టలు తనే కోసి పక్కన పెట్టింది.

జాబితా రాసినందుకు క్షమించమన్నాను. చీటీ పీకినది తనైతే, చీటీని నమ్మినదాన్ని నేను, ఇద్దరికీ సరిపోయింది అంది. కొంతసేపటికి నేను ఏడుస్తున్నానని గమనించి, బంక గిన్నె పొయ్యి మీద పెట్టమని పని చెప్పింది.

గిన్నె పెట్టి తిరిగి చూస్తే ఆవిడ కుట్టడం లేదు. వీపుతో పాటు కుట్టూ తెగిన బావి పుస్తకం విడిభాగాలుగా బల్ల మీద పడి ఉంది. చివరి భాగం ఆవిడ చేతిలో ఉంది. ఇన్నేళ్ళలో అది ఊడడం మొదటిసారి. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, కాగితాన్ని ముక్కుకు దగ్గరగా పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదువుతోంది. నేను కదల్లేదు. బంక పొంగబోతుంటే మంట తగ్గించాను. ఆవిడ చివరి పేజీ తిప్పి, వెనక ఏమీ లేదని చూసుకుని, పేజీలు సర్దింది.

"నీళ్ళు పడ్డాయి," అంది సూదిలోకి దారం ఎక్కిస్తూ. "పడతాయని నాకు తెలుసులే. పడకపోతే నువ్వు పదకొండుసార్లు ఎందుకు తీసుకుంటావు?"

పాత చీటీని ఈసారి వీపులో పెట్టలేదు. కొత్తదాని పక్కనే, అందరికీ కనబడేలా అంటించింది.