ఇసుక దీవిలో చెలిమ

ఆంధ్ర రాష్ట్రం వేరుపడి ఆఫీసులు కర్నూలుకు తరలిరాక ముందు, ఏడాదిన్నర పాటు మద్రాసులో కాపురం చేశాను. మా ఆయన అక్కడ గుమాస్తా. ఆయనది ఆత్మకూరు దగ్గర పల్లె, నాది మైదుకూరు దగ్గర పల్లె. రెండూ నీళ్ళకు ముఖం వాచిన ఊళ్ళే.

కాపురానికి వెళ్ళిన నెలలోనే, హెడ్‌గుమాస్తా గారింట్లో మజ్జిగ ఇస్తే తాగి, “శానా పుల్లగుండాది” అన్నాను. ఉన్నమాటే అన్నాను. నా యాసకు ఆడవాళ్ళందరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఇంటికొచ్చాక మా ఆయన చొక్కా విప్పుతూ, “ఇకమీదట నలుగురిలో ఎక్కువ మాట్లాడకు. అవును, కాదు అంటే చాలు” అన్నాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో కూడా నా నోరు పడిపోయింది. ఆయన పొద్దున పోతే దీపాల వేళకు వచ్చేవాడు. అంతసేపూ పొయ్యితోనే నా మాటలు. ఆయన నాతోనూ ఆఫీసు తెలుగే మాట్లాడేవాడు. మా సీమ మాట ఒక్కటి ఆయన నోట వింటే చాలని ఉండేది. చీరలూ నగలూ నేనెప్పుడూ అడగలేదు. ఆ ఒక్కటీ కావాలనుకున్నాను, అదీ పైకి అడగలేదు.

వానలు వెనకపట్టాక ఒక ఆదివారం, ఆఫీసు వాళ్ళు మూడు సంసారాలు కలిసి ఊరికి ఉత్తరాన ఉన్న ఇసుక దీవికి బయలుదేరాం. ఒకవైపు సముద్రం, ఒకవైపు ఉప్పునీళ్ళ పాయ, నడుమ ఇసుక, నాలుగు సరుగుడు చెట్లు. పడవవాడు మమ్మల్ని దింపి, సాయంత్రం వస్తానని వెళ్ళిపోయాడు. వాడు అటు తిరిగాడో లేదో, మంచినీళ్ళ కూజా ఎవరి కాలో తగిలి పగిలింది.

పులిహోర తిన్నాక అందరికీ నాలుకలు పిడచగట్టాయి. హెడ్‌గుమాస్తా గారి పాప నీళ్ళు నీళ్ళని ఏడుపు లంకించుకుంది. నేను సముద్రాన్ని మొదటిసారి దగ్గరగా చూడటం అదే. అందరూ అబ్బా అంటున్నారు గానీ నాకు ఒళ్ళు మండింది. ఇన్ని నీళ్ళుండీ పసిదాని గొంతు తడపడానికి చెంబెడు పనికిరావు.

లేచి సరుగుడు చెట్ల వైపు వెళ్ళాను. రెండు దిబ్బల మధ్య పల్లంలో గడ్డి పచ్చగా కనిపించింది. అలాంటి చోట నీళ్ళు పైనే ఉంటాయని మా అమ్మ చెప్పేది. ఎండాకాలం కుందూ ఏటి ఇసుకలో ఆమెతో ఎన్ని చెలిమలు తవ్వానో లెక్కలేదు. కొబ్బరిచిప్పతో తవ్వడం మొదలుపెట్టాను. మోచేతి లోతు దాటాక ఇసుక తడిగా తగిలింది. ఇంకొంచెం తవ్వితే నీళ్ళు ఊరాయి. మొదటి ఊట బురద, తోడి పారబోశాను. రెండోదీ పారబోశాను. మూడో ఊట తేటగా నిలిచింది. తాగి చూశాను. కాస్త ఉప్పన తగిలినా మంచినీళ్ళే.

పాప రెండు చేతులతో చెంబు పట్టుకుని గడగడా తాగింది. తర్వాత పిల్లలు, పెద్దలు, అందరూ తాగారు. హెడ్‌గుమాస్తా గారి భార్య మూతి తుడుచుకుని, “ఎవరు నేర్పారమ్మాయ్ ఇది?” అంది.

మా ఆయన వైపు చూశాను. ఆయన సముద్రాన్ని చూస్తున్నాడు.

“మా అమ్మ” అన్నాను.

“పాపం, మీ వైపు నీళ్ళకింత కరువా!” అని, ఆయన వైపు తిరిగి, “మీ ఊళ్ళోనూ ఇంతేనా అబ్బాయ్?” అని అడిగింది.

“మాది టౌనండీ. కుళాయిలున్నాయి” అన్నాడు మా ఆయన.

నా చేతిలో చెంబు నిండుగానే ఉంది. ఆయనకిచ్చాను. “దాహం లేదు” అన్నాడు. పెదాలు ఎండి తెల్లబారి ఉన్నాయి. పెళ్ళయిన కొత్తలో మా అత్త అన్న మాట గుర్తొచ్చింది. “మావోడు చెలిమ కాడ లోటా ముట్టడమ్మా. ఎద్దు మాదిరి వంగి నోటితోనే తాగుతాడు.” ఆయనకు దాహంగా ఉందని ఆ దీవిలో నాకొక్కదానికే తెలుసు. చెంబు పట్టుకుని అలా నిలబడి ఉంటే నాకు ఏడుపొచ్చింది. పడవ వచ్చేదాకా చెలిమ పక్కనే ఒంటరిగా కూర్చున్నాను. వచ్చేటప్పుడు అలవాటు కొద్దీ దాని మీద సరుగుడు కొమ్మ కప్పాను, ఎవరో తాగుతారని కాదు.

ఇంటికి చేరి దీపం పెట్టేలోగా ఆయన వంటింట్లోకి పోయి, కుండలో ముంచుకుని మూడు చెంబులు నిలబడే తాగాడు. గుటకలు నాకు వినబడుతున్నాయి.

ఇక ఉండబట్టలేదు. “ఆడ ఎందుకు తాగకపోతివి? నీళ్ళు బాగానే ఉండెనే” అన్నాను.

ఆయన మూతి తుడుచుకున్నాడు. చెంబు కుండ మీద బోర్లించాడు.

“ఒక్క గుక్క తాగితే చెంబుతో ఆగేవాణ్ణి కాదు, చెలిమ దగ్గర వంగి నోరు పెట్టి తాగేసేవాణ్ణి. చిన్నప్పటి అలవాటు. వాళ్ళంతా చూసేవారు” అన్నాడు.

“సూస్తే ఏమైతాది?”

ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. వీధి తలుపు కూడా వేసే ఉంది. అయినా ఆ చిన్నప్పటి అలవాటు మాట కూడా ఆయన ఆఫీసు తెలుగులోనే చెప్పాడు.